గడప రాయి

తుపాను వెళ్ళిన మర్నాడు టేపు తీసుకుని బయల్దేరతాను.
కంచె చివరి గుంజ నుంచి గట్టు అంచు దాకా.
స్కూలు నోటుబుక్కులో, పెన్సిలుతో:
నవంబరు పదకొండు. ఆరు మీటర్ల ఇరవై.
జనవరి మూడు. నాలుగూ తొంభై.
ఈ పొద్దున మూడూ పది.
పక్కన ఇంకో మాట రాసి కొట్టేశాను.

గట్టంటే ఏముంది, బంకమన్ను.
బుగ్గన పెట్టుకున్న బెల్లమ్ముక్కలా
అడుగు నుంచి కరుగుతుంది.
పైన గడ్డి మాత్రం ఏమీ ఎరగనట్టు
కొన్నాళ్ళు గాలిలోకి చాచుకునే ఉంటుంది.
ఒక్కోసారి దాని మీద
ఒక గొర్రె కూడా ఉంటుంది.

ఆ అంచులోనే ఉంది రాళ్ళ ఇల్లు.
మా దీవిలో ముసలమ్మ పొయ్యి అంటాం.
పొయ్యి కాదు, సమాధి అన్నారు
కిర్క్‌వాల్ నుంచి పడవలో వచ్చినవాళ్ళు.
ఐదు వేల ఏళ్ళన్నారు. అంకె నాకు అందలేదు.
అప్పుడిక్కడ చెట్లుండేవి అన్నారు.
అది అందింది.
పుట్టి బుద్ధెరిగి ఈ దీవి మీద
నా కన్నా ఎత్తైన చెట్టును నేను చూడలేదు.

మొన్న రాత్రి సముద్రం పక్కగోడ లాగేసింది.
మోకాళ్ళ మీద పాకితే తప్ప
ఎవరినీ రానివ్వని గదిలోకి
ఇవాళ ఎండ
చెప్పులతో నడిచి వెళ్ళింది.

నేనూ వెళ్ళాను. వెళ్ళొద్దన్నారు, అయినా.
రాతికీ రాతికీ మధ్య కూరిన మట్టిలో
నాలుగు వేళ్ళ గుంటలు.
నా వేళ్ళు పెట్టి చూశాను, పట్టలేదు.
ఏ పదేళ్ళ పిల్లో,
త్వరగా కానీ, చీకటి పడుతోందని
ఎవరో తొందర పెడుతుంటే నొక్కినట్టున్నాయి.

వాళ్ళకి టేపుల్లేవు.
మోచెయ్యి ఆనించి పైదూలాన్ని కొలిచాను:
నాలుగు మూరలు, మీద బెత్తెడు.
ఏ మూరో, ఎవరి మూరో.

డ్రెవర్ వాళ్ళబ్బాయి డ్రోను ఎగరేసి దించి
"కాపాడలేం, మిసెస్ ఫ్లెట్" అన్నాడు.
"కానీ పోదు. కంప్యూటర్లో ఉంటుంది.
ఎటు కావాలంటే అటు తిప్పి చూసుకోవచ్చు."
అందులో వాన పడుతుందా బాబూ, అన్నాను.
నవ్వబోయి, ఆగి, బూట్ల బురద చూసుకున్నాడు.
మంచివాడే.

ఇక చెప్పాల్సింది చెప్పేస్తాను.
మా తాత మాన్సీ, కొత్తగా ఇల్లు కట్టే ఏడు,
గుర్రానికి గొలుసు కట్టి
అందులోంచి ఒక పలక లాక్కొచ్చి గడప వేశాడు.
చచ్చినోళ్ళ రాయి గుమ్మానికా అని
నాయనమ్మ టొమీనా ఏడాది పొడుగునా
పెరటి తలుపునే తిరిగిందట.
ఆనక తిరగడం మానేసింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.
నాలుగు తరాల బూట్లకి
నడుమ గిన్నెలా అరిగింది ఆ రాయి.
వాన వెలిశాక పిచ్చుకలు తాగుతాయి.

అన్నీ పోయాక మిగిలేది ఈ దొంగరాయేనా?
మూడు రాత్రులు నిద్రపట్టలేదు.
తన వాళ్ళతోనే పోనీ అనుకుని
ఇస్బిస్టర్‌ని ట్రాక్టరు అడిగాను.

శనివారం గొలుసు బిగించి పైకెత్తితే
కింద తెల్లటి గడ్డివేళ్ళు, నాలుగు పురుగులు,
గుడ్డపీలికలో చుట్టిన ఒక పెన్నీ.
రాణి మొహం అరిగిపోయింది.
గుడ్డకి నాయనమ్మ కుట్టు,
వంకర కుట్టు, ఎక్కడున్నా పోల్చుకుంటాను.

అద్దె కట్టింది ముసలిది.

ఏం చెయ్యమంటావ్, అన్నాడు ఇస్బిస్టర్,
ఇంజను ఆపకుండానే.
దించెయ్, అన్నాను. మెల్లగా.
పెన్నీ ఎక్కడిదక్కడే.
టీ తాగి వెళ్ళిపోయాడు, ఏమీ అడగలేదు.

సాయంత్రం మళ్ళీ టేపు తీశాను.
చాల్లేదు. ముడి వేసిన తాడుతో సాగదీసుకుంటూ
అంచు నుంచి మా గుమ్మం దాకా నడిచొచ్చి
నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పాను.

గడప. మార్చి ఇరవై రెండు.
రెండు వందల నలభై ఒకటి.